దిండు గలీబుల మీద వెండి

నాకు ముప్పై ఆరేళ్ళు. రిటైరయ్యానని చెబితే బంధువులు నవ్వుతారు. పాత సహోద్యోగులు మాట మారుస్తారు. కొందరు "మానేశాడు" అంటారు, కొందరు "పంపేశారు" అంటారు. రెండిట్లోనూ కొంత నిజముంది. అయినా నేను రిటైరయ్యాననే అంటాను. తొమ్మిదేళ్ళు ఒకే పని చేశాను. ఆ పనిలో తెలియవలసినవి తెలిశాయి. ఇక అందులోకి తిరిగి వెళ్ళను. రిటైర్మెంటుకు ఇంతకు మించి ఏం కావాలి?

పని ఏమిటంటే, వెండిని కంటికి కనిపించనంత చిన్న రేణువులుగా చేసి గుడ్డకు పట్టించడం. ఒక వెంట్రుక మందంలో అలాంటి రేణువులు కొన్ని వేలు పక్కపక్కన పడతాయి. అంత చిన్నగా ఉన్న వెండి సూక్ష్మక్రిములను చంపుతుంది. ఆ రేణువులను చేయడానికి చాలాచోట్ల ఘాటైన రసాయనాలు వాడతారు. మేము వాటికి బదులు మామిడి తొక్కల కషాయం వాడేవాళ్ళం. తిరుపతి పొలిమేరలో ఒక పాత గోడౌన్లో ఉండేది మా సంస్థ. పేరు రాయను. ఇలాంటివి ఇప్పుడు చాలా ఉన్నాయి, ఇంకా వస్తాయి.

ఎమ్మెస్సీ పూర్తిచేసి ఈ పనిలోకి రాబోయేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఇందులో లేనివి ముందే చెబుతాను: నా హోదాలు, పేటెంటు కాగితాల కథ, ఏ సదస్సులో ఎవరు శాలువా కప్పారన్నది. ఉన్నవి నేను చేసిన రెండు తప్పులు. రెండోదాని వల్ల ఒక మనిషి పదకొండేళ్ళ పని పోగొట్టుకోబోయాడు.

తొక్కల్లో ఉప్పు

తయారీ చెప్పడానికి తేలిక. సిల్వర్ నైట్రేటును శుద్ధమైన నీళ్ళలో కలపాలి. నీరు నీరులాగే ఉంటుంది. ఎండబెట్టిన మామిడి తొక్కలు మరిగించి, వడగట్టి, ఆ కషాయాన్ని అందులో కొద్దికొద్దిగా పోస్తూ వేడి చేయాలి. కాసేపటికి లేత పసుపు వస్తుంది, తరువాత తేనె రంగు, గంట గడిచేసరికి చిక్కటి టీ డికాషను. రంగు వచ్చిందంటే వెండి రేణువులైనట్టు. ఇది మొదటిసారి చూసిన రోజు నేను మధ్యాహ్నం భోజనానికి వెళ్ళలేదు. మీరూ వెళ్ళరు.

మొదటి సీజన్లో బంగారుపాళ్యం వెళ్ళి, ఒక గుజ్జు ఫ్యాక్టరీ వెనక పడేసిన తోతాపురి తొక్కలు నేనే ఏరుకొచ్చి, గోడౌన్ మిద్దె మీద నేనే ఎండబెట్టాను. రంగు ఎప్పుడూ తప్పలేదు. రెండో సీజన్లో పని పెరిగింది. ఫ్యాక్టరీకి ఫోను చేసి, "తొక్కలు శుభ్రంగా ఎండబెట్టి, పాడవకుండా పంపించండి" అన్నాను. బస్తాలు వచ్చాయి. కషాయం పోశాను. రంగు రాలేదు. బియ్యం కడిగిన నీళ్ళలాగా తెల్లగా మారి, అడుగున పొడి పేరుకుంది.

పంతొమ్మిది రోజులు నేను అనుమానించినవి వరసగా ఇవి: సిల్వర్ నైట్రేటు అమ్మినవాడు, నీటిని శుద్ధిచేసే యంత్రం, గాజు పాత్రలు, పాత్రలు కడిగే పద్ధతి, చివరికి వాతావరణం. తొక్కలను అనుమానించలేదు. అవి నాకు తెలిసిన తొక్కలే కదా.

ఇరవయ్యో రోజు బస్సెక్కి బంగారుపాళ్యం వెళ్ళాను. ఫ్యాక్టరీ వెనక తొక్కలు ఎండబెట్టే ఆడవాళ్ళకు పెద్ద మేరమ్మ. యాభై దాటిన మనిషి, తలకు టవలు చుట్టుకుని టార్పాలిన్ మీద తొక్కలు తిరగేస్తోంది.

"ఎట్ల ఎండబెడతాండారమ్మా?" అని అడిగాను.

"ఎట్లేముంది సార్, ఒరుగులకి పెట్టినట్టే. ఉప్పు, రోంత పసుపు యేసి, బాగా పిసికి, రెండు దినాలు ఎండకి."

"ఉప్పెందుకు?"

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. "ఉప్పు లేకుంటే పురుగు పట్టదా? పాడుగాకుండా పంపీమంటిరి గదా. మా ఇంట్లోకి సేసుకున్నట్టు సేసినాను. తినేదానికనుకుంటి. మీరు దాంట్లో యెండి పోస్తారని నాకు కల వచ్చిందా సార్?"

పక్కనున్న ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

ఉప్పులోని క్లోరైడు తగిలితే వెండి తెల్లటి పొడిగా విరిగిపోతుంది. ఇంటర్మీడియట్ ల్యాబులో ప్రతి ఒక్కరూ చేసే పరీక్ష ఇది. నేను పంతొమ్మిది రోజుల పాటు ఆ పరీక్షే చేస్తూ, దానికి ఆ పేరు పెట్టుకోలేకపోయాను. మేరమ్మ తన పని సరిగ్గా చేసింది. "శుభ్రంగా, పాడవకుండా" అన్నమాటకు ఆ ఊళ్ళో అర్థం ఉప్పు. నేను చెప్పవలసింది "ఏమీ కలపకుండా" అని.

మా డైరెక్టరు సుదర్శనంగారు ఆమె దగ్గర తొక్కలు మానేద్దామన్నారు. తప్పు నా ఫోనులో ఉందని చెప్పాను. సరే, ఈసారి కాగితం మీద రాసి పంపమన్నారు. ఆ రోజు ఆయన విన్నారు. ఈ మాట రాయడం నా ధర్మం, ఎందుకంటే తరువాత రాయబోయేవి ఆయనకు నచ్చవు.

వలయం

సుదర్శనంగారు యూనివర్సిటీలో కెమిస్ట్రీ చెప్పి పదవీ విరమణ చేసి, ఈ సంస్థ పెట్టారు. ఆయన దగ్గర నేను నేర్చుకున్న మంచివి మూడు. సీసా మీద చీటీ, సీసాలో సరుకు పోయకముందే అంటించాలి. వెండి ఉన్న గుడ్డతో పాటు వెండి లేని గుడ్డనూ, ఒట్టి కషాయంలో ముంచిన గుడ్డనూ తప్పకుండా పరీక్షించాలి, లేకపోతే క్రిములను చంపింది ఏదో తెలియదు. నోటు పుస్తకంలో కొట్టివేతలు కనిపించాలి, చెరిపేయకూడదు. ఈ మూడూ ఈ రోజుకీ నా చేతికి అలవాటు.

ఆయన బలహీనత ఒక్కటే, ప్రదర్శన.

క్రిములు పెంచిన గాజు పళ్ళెంలో వెండి పట్టించిన గుడ్డ ముక్క పెడితే, దాని చుట్టూ క్రిములు చచ్చి ఒక తేట వలయం ఏర్పడుతుంది. ఫొటోకు బాగుంటుంది. వలయం ఎంత పెద్దదైతే ఆయనకు అంత సంతోషం. వచ్చిన ప్రతి పెద్దమనిషికీ పళ్ళెం చూపించేవారు. ఒకరోజు ఉండబట్టలేక అన్నాను:

"సార్, వలయం పెద్దగా ఉందంటే గుడ్డ వెండిని వదిలేస్తోందని అర్థం కదా?"

"వదిలితేనే కదయ్యా చంపేది! పట్టుకుని కూర్చుంటే దేనికి?"

ఆయన చెప్పింది తప్పు కాదు. కానీ వదిలిన వెండి పోయిన వెండే. పెద్ద వలయం చూపించే గుడ్డ త్వరగా ఖాళీ అవుతుంది. పోయిన వెండి ఎక్కడికో చేరుతుంది. ఆ 'ఎక్కడికో' అన్నది మా నోటు పుస్తకంలో ఏ పేజీలోనూ లేదు.

ఆ మాట మీదే ఆయన నాకు ఉతుకుల పరీక్ష అప్పగించారు. జేబు రుమాలంత ముక్కలు, శుద్ధమైన నీరు, ఘాటులేని సబ్బు ద్రావణం, గోరువెచ్చని వేడి, గాజు సీసాలో స్టీలు గోళీలు వేసి కుదపడం, నీడన ఆరబెట్టడం. ఇలా ముప్పై సార్లు. ముప్పయ్యో ఉతుకు తరువాత కూడా వలయం వచ్చింది, చిన్నదే కానీ వచ్చింది. "ముప్పై ఉతుకుల తరువాత కూడా క్రిములను నిరోధిస్తుంది" అని రాసి సంతకం చేశాను.

అందులో ఒక్క అబద్ధం లేదు. అదే దానిలోని ప్రమాదమని అప్పుడు నాకు తెలియదు.

లాడ్జి నుంచి ఫోను

ఆ కాగితం చూపించి తిరుపతిలో యాత్రికులు దిగే ఒక పెద్ద లాడ్జికి నాలుగు వందల దిండు గలీబులు ఇచ్చాం. ఐదు వారాలకు లాడ్జి మేనేజరు ఫోను చేశాడు. గలీబుల మీద బూడిద రంగులో, ఊదా రంగులో మరకలు వచ్చాయట. గదికి వచ్చినవాళ్ళు దిండు తీసి నేల మీద పెడుతున్నారట.

లాడ్జి బట్టలు ఉతికేది వడమాలపేట మునిరత్నం. పదకొండేళ్ళుగా ఆ లాడ్జి పని అతనిదే. అతను, అతని బావమరిది, ఇంకో రెండు కుటుంబాల ఆడవాళ్ళు దాని మీదే బతుకుతున్నారు. మేనేజరు అతనితో చెప్పేశాడు: సోమవారం కంపెనీవాళ్ళ రిపోర్టు వస్తుంది, తప్పు ఉతకడంలో ఉందని తేలితే పని మెషీను లాండ్రీకి ఇచ్చేస్తాను.

సుదర్శనంగారు నన్ను పిలిచారు.

"వెళ్ళి చూసి రా. ఏ ఆమ్లమో, బ్లీచింగో వాడి ఉంటాడు. రిపోర్టు రెండు పేరాలు చాలు."

చూడకముందే రెండు పేరాలని ఎలా తెలుసని అడిగి ఉండవలసింది. అడగలేదు. ఆ రోజు మంగళవారం.

వడమాలపేటలో

పుత్తూరు బస్సెక్కి వడమాలపేటలో దిగి, అడుగుతూ వెళ్ళాను. సిమెంటు తొట్లు, కట్టెల పొయ్యి మీద పెద్ద బాన, దాని వెనక వరసగా తాళ్ళు కట్టి ఆరేసిన తెల్లటి దుప్పట్లు. మునిరత్నం మోకాళ్ళ దాకా పంచె ఎగ్గట్టి తొట్టిలో నిలబడి ఉన్నాడు. నన్ను చూసి బయటికి రాలేదు.

"నువ్వేనా యెండి పూసే సారు?"

"అవునన్నా."

"రా. కుర్చీ ల్యా, ఆ మూట మీద కూసో. నా మొగం సూసి ఏం రాసుకుంటావో రాసుకో."

"ముందు గలీబులు చూస్తాను."

అప్పుడే లాడ్జి నుంచి వచ్చిన మూట విప్పాడు. మావి కాదు, మామూలు తెల్ల గలీబులు. చాలా వాటి మధ్యలో అరచేతి కంటే పెద్దగా, గుండ్రంగా పసుపు మరక.

"ఇదేం మరకన్నా?"

అతను చేతిలో గుడ్డ తొట్టిలో పడేసి బయటికొచ్చాడు.

"సార్, నువ్వు యా ఊరు?"

"తిరుపతే."

"తిరుపతోడివి, ఇదేం మరకంటావా? గుండు సార్, గుండు! కొండ మింద గుండు కొట్టించుకుంటారు, సందనం పూసుకుంటారు, గదికొచ్చి దిండు మింద తల పెట్టి పండుకుంటారు. ఆ సందనమంతా ఈడికే వస్తాది. ఎవురు తియ్యాల? నేను తియ్యాల."

నేను పుట్టి పెరిగింది తిరుపతిలో. నాకు మూడుసార్లు గుండు చేయించారు, మూడుసార్లూ చందనం పూశారు. మా అమ్మ దిండు మీద పాత తుండు పరిచేది. ఆ ఊరి దిండు గలీబుల కోసం ఏడాదిపాటు పనిచేస్తూ ఈ సంగతి నాకు ఒక్కసారి కూడా గుర్తురాలేదు. రుమాలంత ముక్కను శుద్ధమైన నీటిలో ఉతికాను.

"ఎట్ల తీస్తావు?"

"బ్లీచింగు. సోడా, సబ్బు, బ్లీచింగు పౌడరు. నానేసి, ఉడకేసి, జాడిచ్చి, ఎండకేసేది. పదకొండేండ్లుగా ఇదే."

"మా గలీబులకూ అదేనా?"

"మీయ్యే గదా సార్ నన్ను సంపింది!" అని అతను ఒక్కసారిగా గొంతు పెంచాడు. "కొత్తయి తెస్తే కొత్తయి మాదిరి ల్యా. లేత పసుపు. మేనేజరు సూసి, ఏం మునిరత్నం, సందనం పోలేదే అనె. ఔ గదా అని నేను రెండింతలు యేసినా. ఇంగా ఉండాది అనె. మూడింతలు యేసినా. అది సందనమైతే గదా పొయ్యేదానికి! అది మీ యెండంట. ఎవురన్నా సెప్పినారా నాకి?"

మా వెండి పట్టిన గుడ్డకు లేత పసుపు రంగు వస్తుంది. గోడౌన్లో ఆ రంగు మాకు గర్వం. తిరుపతి లాడ్జిలో దిండు మీద పసుపంటే ముందు పడుకున్నవాడి గుండు. ఈ రెండు విషయాలూ ఒకేచోట ఎవరూ రాసుకోలేదు.

మిగిలింది నాకు తెలిసిన రసాయన శాస్త్రమే. బ్లీచింగు వెండి రేణువులను తినేస్తుంది. కొంత వెండి నీళ్ళలోకి పోతుంది, కొంత క్లోరైడుగా మారి గుడ్డలో ఇరుక్కుంటుంది. ఆ క్లోరైడు ఎండ తగిలితే నల్లబడుతుంది. నా కళ్ళముందే అతను మా గలీబు ఒకటి ఉడికించి, పిండి, తాడు మీద ఆరేశాడు. ఆరేసినప్పుడు దాదాపు తెల్లగా ఉంది. మేం టీ తాగి వచ్చేసరికి దాని మీద ఊదా మబ్బులు.

"ఎండకేస్తే నల్లబడే గుడ్డ ఎవురన్నా సేస్తారా సార్?" అన్నాడు. ఈసారి కోపం లేదు, నిజంగానే అడిగాడు. 

"ముప్పై తూర్లు ఉతికి సూసినారంట గదా. మేనేజరు కాయితం సూపించినాడు. ఎవురుతికింది?"

"నేనే."

"యాడ?"

"సీసాలో."

అతను బాన దగ్గరున్న ఆడవాళ్ళ వైపు తిరిగాడు. "వింటిరా? సారు గుడ్డలు సీసాలో ఉతికినాడంట!"

"ఎంత సీసా సామీ?" అని ఒకామె అడిగింది.

చేత్తో చూపించాను. పనంతా ఆపి నవ్వారు. నాకూ నవ్వు వచ్చింది, కానీ నవ్వడానికి నాకు అర్హత లేదనిపించింది.

తొట్ల నీళ్ళు ఒక చిన్న కాలువ గుండా వెనక గుంటలోకి, అక్కడి నుంచి అతని గడ్డి మడిలోకి పోతున్నాయి. పక్కన ఒక పాడి ఎనుము కట్టేసి ఉంది. రెండు సీసాల నిండా ఆ నీళ్ళు పట్టుకుని, ఆ ఊదా మబ్బుల గలీబునూ వెంట తీసుకున్నాను. బయలుదేరుతుంటే మునిరత్నం అడిగాడు:

"సోమారం ఏం రాస్తావు?"

"నిజం రాస్తానన్నా."

"నిజం అందురూ రాస్తారు సార్. మునిరత్నం మూడింతలు బ్లీచింగు యేసినాడు. ఇది నిజం గాదా?"

బస్సులో తిరుపతి దాకా ఆ ప్రశ్న నా పక్కనే కూర్చుంది.

నాలుగు రోజుల పని

బుధవారం చందనం పొడి కొన్నాను. మామూలు గలీబులకు పూసి, ఒక్కో పద్ధతిలో ఉతికాను: ఒట్టి సబ్బు, సబ్బూ సోడా, వేడినీళ్ళలో రాత్రంతా నానబెట్టడం, నిమ్మ ఉప్పు, బట్టల కోసం అమ్మే క్లోరిన్ లేని పౌడరు, చివరికి బ్లీచింగు. సీసాలో కాదు, బకెట్లలో, బోరు నీళ్ళతో, ఎండలో. బ్లీచింగు తప్ప ఏదీ మరకను లాడ్జి ఒప్పుకునేంతగా తీయలేదు. శుక్రవారం నాటికి సీసాల నీళ్ళ ఫలితం వచ్చింది. నాకు తెలిసినవాళ్ళ ల్యాబులో కొలిపించాను. అదే ఉతుకులో గుడ్డ మీద మిగిలిన వెండి కంటే నీళ్ళలోకి పోయింది ఎక్కువ.

శనివారం సుదర్శనంగారి ముందు కూర్చున్నాను.

"బ్లీచింగు వాడొద్దని మనం చెప్పామయ్యా. పెట్టె మీద ఉంది."

"పెట్టె లాడ్జి స్టోరులో ఉంది సార్. ఇంగ్లీషులో ఉంది. మునిరత్నానికి వెళ్ళింది మూట."

"అది లాడ్జివాళ్ళ బాధ్యత."

"చెప్పినా ప్రయోజనం లేదు సార్. బ్లీచింగు వేయకపోతే చందనం పోదు. చందనం పోని గలీబు ఈ ఊళ్ళో ఎవరికీ పనికిరాదు. వేస్తే వెండి పోతుంది. మనం చేసింది ఈ ఊరికి సరిపడని సరుకు."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "నువ్వు రాయవలసింది ఒకటే వాక్యం. క్లోరిన్‌తో ఉతకడం వల్ల పూత దెబ్బతిన్నది. అబద్ధమా ఇది?"

కాదు. ఆ వాక్యం నేనే శుక్రవారం చిత్తుప్రతిలో రాసి ఉన్నాను, ఇంచుమించు అవే మాటలతో. ఈ పనిలోకి వచ్చేవాళ్ళు దాన్ని బాగా గమనించండి. అందులో మనిషి లేడు, తిట్టు లేదు, అబద్ధం లేదు. కానీ చదివిన మేనేజరు అడిగే మొదటి ప్రశ్న "క్లోరిన్ వేసింది ఎవరు?" జవాబు ఒకే పేరు. మనం రాసే కాగితాల్లో క్రియకు కర్త లేనప్పుడు, ఆ ఖాళీలోకి ఎప్పుడూ చదువు తక్కువున్నవాడినే తోస్తారు. నేను ఆ వాక్యం కొట్టేశాను. కొట్టివేత కనిపించేలాగే ఉంచాను.

సోమవారం

లాడ్జి ఆఫీసులో నలుగురం. మేనేజరు, సుదర్శనంగారు, నేను కుర్చీల్లో. మునిరత్నం తలుపు దగ్గర నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. నా రిపోర్టు చదివాను. నాలుగే అంశాలు.

ఒకటి: ముప్పై ఉతుకుల పరీక్ష చేసింది నేను. ఈ ఊళ్ళో గలీబులు ఎలా ఉతుకుతారో కనుక్కోకుండా చేశాను. ఆ కాగితాన్ని ఈ పనికి వర్తించదని రద్దు చేస్తున్నాను.

రెండు: మునిరత్నం ఉతికిన పద్ధతి చందనం మరకకు సరైన పద్ధతి. వేరే పద్ధతులు నేను ప్రయత్నించాను, పనిచేయలేదు.

మూడు: మరకలకు కారణం మా పూత.

నాలుగు: వెండిలో ఎక్కువ భాగం ఉతికిన నీళ్ళలోకి పోతోంది. ఈ గలీబులు ఇక ఉతకకూడదు.

మేనేజరు వేలితో బల్ల మీద తట్టాడు. "ఇదంతా సరే సామీ. సూటిగా సెప్పు, తప్పెవురిది?"

"మాది. అందులో మొదటి వాటా నాది."

సుదర్శనంగారు మేనేజరు వైపు తిరిగారు. "ఇది ఇతని వ్యక్తిగత అభిప్రాయం. సంస్థ వేరే రిపోర్టు ఇస్తుంది."

"సార్," అన్నాను, "ముప్పై ఉతుకుల కాగితం మీదా నా ఒక్కడి సంతకమే ఉంది. అప్పుడు అది సంస్థ మాట అయింది. దాన్ని చూపించే కదా సరుకు ఇచ్చాం. ఈ రోజు అదే చేత్తో రాసింది వ్యక్తిగతం ఎలా అవుతుంది?"

  ఆయన ఫైలు మూసేశారు.

మేనేజరుకు మా గొడవ అక్కర్లేదు. "నాకు తెల్ల గలీబులు గావాల. అంతే. మునిరత్నం, రేపట్నించి పాతయ్యే. ఎప్పటి మాదిరే ఎత్తకపో." మూలన పడి ఉన్న మా గలీబుల మూటలు చూసి, "ఇయ్యి కూడా నువ్వే ఎత్తకపో. తుడిసేదానికి పనికొస్తాయి" అన్నాడు.

"నాకొద్దు సార్," అన్నాడు మునిరత్నం.

"ఊరికేనప్పా ఇచ్చేది!"

"ఊరికిచ్చినా వద్దు. తుడిస్తే ఉతకాల గదా. ఆ నీళ్ళు నా గడ్డికి పోతాయి. ఆ గడ్డి నా ఎనుము తింటాది. సారే సెప్పినాడు గదా ఇప్పుడు." నా వైపు తిరిగాడు. "మీ యెండి మీరే ఎత్తకపోండి."

కృతజ్ఞత చెప్పలేదు. చెప్పవలసిన అవసరమూ లేదు. తలుపు బయట అతను ఆ రోజు ఉతకవలసిన దుప్పట్ల మూటలు ఆటోలోకి ఎక్కించుకుంటూ, "సీసాలో ఉతికినాడంట" అని డ్రైవరుకు చెబుతుంటే వినిపించింది. ఇద్దరూ నవ్వుకుంటూ వెళ్ళిపోయారు. అతని పని నిలబడింది.

మూటలు

నాలుగు వందల గలీబులు ఆరు మూటలు. ఇంకో ఆటో మాట్లాడి, నేనే మోసి ఎక్కించి, గోడౌనుకు తెచ్చి సుదర్శనంగారి గదిలో బల్ల మీద మూడు, బల్ల పక్కన మూడు పెట్టాను.

"ఇవెందుకు తెచ్చావు?"

"మన సరుకు సార్. అక్కడ ఎవరూ ఉంచుకోనన్నారు."

"వీటిని నేనెక్కడ పెట్టుకోను?"

నేను నిలబడే ఆలోచించాను. ఉతికి శుభ్రం చేస్తే వెండి కాలువలోకి పోతుంది. కాలిస్తే బూడిదలో ఉంటుంది. పాతిపెడితే మొదటి వానకు కదులుతుంది. తీసి మళ్ళీ వెండిగా మార్చాలంటే, ఏ ఘాటైన రసాయనాలను వద్దనుకుని మేం మామిడి తొక్కలు పట్టుకున్నామో వాటినే తేవాలి. తయారీ అంతా ఎంతో జాగ్రత్తగా, ఎవరికీ హాని లేకుండా చేశాం. పని అయిపోయాక ఆ గుడ్డ ఏమవుతుందన్నది తొమ్మిదేళ్ళలో ఆయన నన్ను అడగలేదు, నేను ఆయన్ని అడగలేదు.

"తెలియదు సార్," అన్నాను. "తెలిసేదాకా కొత్తవి చేయకుండా ఉందాం."

 మరునాడు పొద్దున నేను వెళ్ళేసరికి మూటలు వరండాలో ఉన్నాయి. నా బల్ల మీద ఆయన చేతిరాతతో ఒక చీటీ: ఒక ఆసుపత్రి నుంచి దుప్పట్ల ఆర్డరు వచ్చింది, తొక్కలు నానబెట్టి, పది గంటలకల్లా నీళ్ళు వేడికి పెట్టు.

పది గంటలైంది. ఆయన గది తలుపు తెరిచే ఉంది, నన్ను చూస్తూనే ఉన్నారు.

నేను నీళ్ళు పెట్టలేదు.